యోగాభ్యాసము – ఓషధులు – క్రీడాబలము

సంచిక సంపాదకవర్గమువారు యోగమును గూర్చి ఒక పాఠము వ్రాయుమని కోరినప్పుడు మొదట సంకోచించితిని. నేను యోగగురువును కాను. వైద్యుడను అంతకంటెను కాను. మలేసియాలో తోటలో పుట్టి, గుడిలోని వారాంతపు తరగతులలో తెలుగు అక్షరములు దిద్దుకొని, ఉద్యోగరీత్యా ఒమాను దేశమునకు వచ్చి, మస్కటు నగరములో గణితము బోధించుచున్న ఉపాధ్యాయుడను. సాయంకాలములందు పిల్లలను పరుగుపందెములకు సిద్ధము చేయుట నా అదనపు పని. ఆ పనిలో నేను చేసిన ఒక పొరపాటే ఈ వ్యాసమునకు మూలము. దానిని తరువాత చెప్పెదను. ముందు పాఠము.

పతంజలి యోగసూత్రములలో కడపటిది కైవల్యపాదము. దాని మొదటి సూత్రమునందే మహర్షి సిద్ధులు కలుగుటకు అయిదు మార్గములను చెప్పెను: జన్మము, ఓషధి, మంత్రము, తపస్సు, సమాధి. కనుక మూలికల ప్రసక్తి యోగశాస్త్రమునకు పరాయిది కాదు. యోగమును, ఓషధిని జోడించి బలము పొందవలెనను తలంపు ఈనాటి అంగడివారు పుట్టించినదని కొందరందురు. అది సరి కాదు. అయితే అదే గ్రంథమున అష్టాంగములలో మొట్టమొదటి అంగము యమము. అందు సత్యమును, అస్తేయమును కలవు. ఉన్నదున్నట్లు చెప్పుట, తనది కానిదానిని తీసికొనకుండుట. ఆసనము వీటి తరువాతనే వచ్చును. ఈ వరుస పాఠకులకు గుర్తుండవలయును. వ్యాసము చివరి భాగములో దీనితో పని యున్నది.

మన జాతిలో ఈ విషయమున తలచుకొనదగినవాడు కోడి రామమూర్తి నాయుడు. 1882లో శ్రీకాకుళము ప్రాంతపు వీరఘట్టములో జన్మించి, విజయనగరములో పెరిగి, వ్యాయామోపాధ్యాయుడై, పిమ్మట సర్కసు స్థాపించి దేశదేశములలో బలప్రదర్శనలు చేసి ‘కలియుగ భీముడు’ అనిపించుకొనెను. ఛాతీపై ఏనుగును నడిపించుకొనుట, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచుట ఆయన ప్రసిద్ధ విద్యలు. ఆయన శాకాహారి. తన బలమునకు ప్రాణాయామమును, క్రమము తప్పని వ్యాయామమును ఆధారములుగా చెప్పుకొనెను. 1942లో కన్నుమూసెను. మా చిన్నతనమున తోటలోని పెద్దలు ఆయన కథ చెప్పునప్పుడు ‘ఏదో వేరు నమిలెడివాడట’ అని ఒక మాట చేర్చెడివారు. దానికి ఆధారము నాకెక్కడను కనబడలేదు. బలవంతుని చూచినప్పుడు రహస్యమైన వేరొకటి ఉండవలెనని ఊహించుట మనుష్యస్వభావము కాబోలు! సంవత్సరముల తరబడి చేసిన దండములు, బస్కీలు ఎవరికిని కథగా తోచవు.

యోగము క్రీడాకారునకు ఏమి ఇచ్చును? ఇచ్చునది స్పష్టముగనే ఇచ్చును. కీళ్ల సాగుదల, నిలుకడ, ఊపిరిపై అదుపు, పోటీకి ముందు మనస్సు చెదరకుండుట. 2016లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశీలనలో 26 మంది కళాశాల క్రీడాకారులను తీసికొనిరి. వారిలో వారమునకు రెండు మారులు చొప్పున 10 వారములు యోగము చేసినవారికి వంగుడును, తూకమును మెరుగుపడెను; చేయనివారికి అట్లు కలుగలేదు. సంఖ్య చిన్నదే. అయినను నా మైదానపు అనుభవము దానికి విరుద్ధముగా లేదు.

ఇక్కడ ఉపాధ్యాయులు సాధారణముగా చేయు ఒక తప్పును చెప్పవలయును. పరుగునకు ముందు పిల్లలను కూర్చుండబెట్టి పశ్చిమోత్తానాసనములో నిమిషముల కొలది ఉంచుదురు. ఒక కండరమును నిమిషమునకు మించి కదలక సాగదీసి ఉంచినయెడల, ఆ వెంటనే దాని వేగశక్తి కొంత తగ్గునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. కావున పరుగునకు ముందు సూర్యనమస్కారము వంటి చలనముతో కూడిన అభ్యాసము. దీర్ఘముగా నిలిపెడు ఆసనములు పరుగు ముగిసిన తరువాత, లేదా వేరొక పూట. నాడీశోధనము రాత్రి నిద్రకు ముందు. కుంభకమును పిల్లలచేత చేయింపను. కపాలభాతిని ఎండలో, దాహముతో నున్నవారిచేత చేయింపను.

ఎండ అనగా ఒమాను ఎండ. వేసవిలో మస్కటున 40 డిగ్రీలు దాటుట వింత కాదు; సముద్రపు తేమ దానికి తోడు. జూను, జూలై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నము 12:30 మొదలు 3:30 వరకు ఆరుబయట కూలిపని చేయింపరాదని ఈ దేశపు శాసనము. శీతలీ ప్రాణాయామము చేసినచో ఎండ బాధింపదని చెప్పువారున్నారు. నాలుకను గొట్టమువలె మడచి గాలి పీల్చినప్పుడు నోటికి చల్లగా తోచుట నిజమే. కాని లోపలి వేడిని దింపునది చెమట. చెమటకు కావలసినది నీరు, ఉప్పు. క్రొత్తగా వచ్చిన పిల్లవాని దేహము ఈ వేడికి అలవాటు పడుటకు 10 మొదలు 14 దినములు పట్టును. ఆ దినములను ఏ ప్రాణాయామమును తగ్గింపజాలదు.

ఇక ఓషధుల మాట.

ముందుగా అశ్వగంధ, తెలుగున పెన్నేరుగడ్డ. 2015లో ప్రకటింపబడిన ఒక భారతీయ పరిశీలనలో 57 మంది పురుషులు 8 వారములు బరువులెత్తు వ్యాయామము చేసిరి. సగము మందికి పూటకు 300 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండు పూటలు అశ్వగంధ సారమును, తక్కినవారికి మందు లేని గుళికలను ఇచ్చిరి. వెల్లకిల పరుండి బరువెత్తుటలో మొదటివారు సుమారు 46 కిలోలు, రెండవవారు సుమారు 26 కిలోలు అధికముగా ఎత్తగలిగిరి. వ్యత్యాసము గొప్పదే. కాని ఒక సంగతి గమనింపుడు: వారు వ్యాయామమునకు క్రొత్తవారు. ఏండ్ల తరబడి తరిఫీదు పొందిన పరుగువానికి ఇంతటి లాభము కలుగునని దీనినిబట్టి చెప్పరాదు. మందు లేని గుళికలు మ్రింగినవారు సైతము 26 కిలోలు పెంచుకొనిరి కదా! గణితోపాధ్యాయునిగా నా దృష్టి ముందుగా ఆ అంకెమీదనే పడెను. ఇక రెండవ వైపు: అశ్వగంధ వాడిన కొందరికి కాలేయము చెడిన సందర్భములు వైద్యపత్రికలలో కలవు, థైరాయిడు గ్రంథి పనిని అది మార్చవచ్చును, 2023లో డెన్మార్కు దేశము దాని అమ్మకమును నిషేధించెను.

తరువాతిది ఈ నేల సొత్తు. దక్షిణమున ధోఫారు కొండలలో పెరుగు చెట్టునుండి కారు బంకను అరబ్బులు లుబాను అందురు. ఆ ప్రాంతపు లుబాను స్థలములను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. ముత్రా సూకులో రాసులు పోసి అమ్ముదురు. పచ్చని ఛాయగల మేలురకమును రాత్రి నీటిలో నానవేసి ఉదయమున త్రాగుదురు. దీనికి దాయాది మన అడవులలోని అందుగు చెట్టు. ఆయుర్వేదమున సల్లకి యని పేరు. మోకాలి నొప్పులకు సల్లకి సారమును పరీక్షించిన వానిలో ఒకటి మన ఏలూరులోనే, అల్లూరి సీతారామరాజు వైద్యకళాశాలలో జరిగి 2008లో ప్రకటింపబడెను. 75 మంది రోగులు, 90 దినములు. నొప్పి తగ్గినదని తేలెను. ఆ సారమును తయారుచేయు సంస్థవారు ఆ పరిశీలనలో పాలుగొనిరన్న సంగతి కూడ చెప్పుట ధర్మము. పైగా అది కీలు అరిగిన పెద్దవారిని గూర్చినది. పదునారేండ్ల పరుగువానిని గూర్చినది కాదు.

సందర్భము వచ్చినది కనుక ఒక ముచ్చట. మలేసియాలో మనము గుడిలో పొగవేయు సాంబ్రాణి, అనగా మలాయివారి ‘కెమెన్యాన్’, ఈ లుబాను కాదు. అది సుమత్రా దీవి వైపునుండి వచ్చు వేరొక చెట్టు బంక. దానిని పూర్వపు అరబ్బు వర్తకులు ‘లుబాన్ జావీ’, జావా సాంబ్రాణి, అనిరి. ఆ మాటయే ఐరోపావారి నోట నలిగి ‘బెంజాయిన్’ అయినది. రెండు చెట్లు, రెండు బంకలు, ఒకే పేరు. ఓషధుల విషయమున ప్రమాదమంతయు ఇట్టి పేర్లలోనే దాగియున్నది.

ఇప్పుడు నా పొరపాటు. కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో 400 మీటర్ల పరుగున మంచి వేగముగల పిల్లవాడొకడుండెను. తండ్రి గోదావరి ప్రాంతమువారు. ఇక్కడ కట్టడపు పనుల పర్యవేక్షకులు. పిల్లవాడు త్వరగా అలసిపోవుచున్నాడని ఆయన చెప్పగా, ఊరినుండి తెప్పించిన బలపు మాత్రల సీసా నాకు చూపిరి. “మాస్టారూ, ఇది వాడొచ్చా?” అని అడిగిరి. నేను సీసా త్రిప్పి చూచితిని. అశ్వగంధ, శతావరి అను రెండు పేర్లు కనబడెను. తక్కినవి చిన్న అక్షరములు. “ఆకుమందు కదండీ, హాని చేయదు” అంటిని. ఆ మాట నేనే అంటిని.

రెండు నెలలు గడచెను. పిల్లవానికి భారతదేశములో ఒక ఎంపికపోటీకి పిలుపు వచ్చెను. మాదకపరీక్ష యుండవచ్చుననియు, గడచిన వారము దినములలో మ్రింగిన మందులను, బలపు పొడులను అన్నిటిని పరీక్షాపత్రములో వ్రాయవలసి యుండుననియు తెలిసినది. తండ్రిగారు సీసాతో మా యింటికి వచ్చిరి. భూతద్దము పెట్టి పేర్లన్నియు వరుసగా వ్రాసితిమి. పదునొకండు పేర్లు. ఏడవది ‘శుద్ధ కుపీలు’.

నాకు ఆ మాట తెలియదు. నేను నేర్చిన తెలుగు గుడిబడి తెలుగు. శతకములు, భజనలు తెలియును గాని నిఘంటువులోని మూలికల పేర్లు తెలియవు. వెదకగా కుపీలు అనగా విషముష్టి యనియు, మన పల్లెలలో ముషిణి యందురనియు, హిందీవారు కుచ్లా యందురనియు తేలెను. దాని విత్తులోని విషము స్ట్రిక్నిన్. ఆయుర్వేదమున శుద్ధిచేసి స్వల్పమాత్రలో వాడుదురు. కాని శుద్ధిచేసినను స్ట్రిక్నిన్ పూర్తిగా పోదు. ప్రపంచ మాదకనిరోధ సంస్థ పట్టికలో, పోటీ సమయమున దేహములో ఉండరానివానిలో అదొకటి. దాని చరిత్రయు పాతదే: 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్సు మారథానున థామస్ హిక్స్ అను పరుగువానికి సహాయకులు దారిలో స్ట్రిక్నిన్‌ను బ్రాందీతో కలిపి ఇచ్చిరి. అతడు గెలిచెను గాని గమ్యము చేరునప్పటికి నిలువలేని స్థితిలో నుండెను. ఆనాడు అది నేరము కాదు.

తండ్రిగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, “ఇది మీరు చెప్పినదే కదా, మాస్టారూ” అనిరి. అందులో కోపము లేదు. ఉండినయెడల నాకు కొంత తేలికగా నుండెడిది.

మాత్రలు మాన్పించితిమి. పోటీ ఆరు దినములలో నుండెను. దేహమునుండి అది ఎప్పటికి పోవునో ఆ యింటిలో ఎవరికిని తెలియదు, నాకును తెలియదు. పిల్లవాడు ఆ పోటీకి వెళ్లలేదు. వెళ్లవద్దని చెప్పినవాడను నేనే.

మా భయము అతిశయోక్తి కాదనుటకు 2011లో భారతదేశమున జరిగినదానిని చదువుడు. 2010 గ్వాంగ్‌ఝౌ ఏషియా క్రీడలలో రెండు స్వర్ణములు గెలిచిన అశ్విని అక్కుంజితో సహా ఆరుగురు పరుగురాండ్రు నిషిద్ధ స్టెరాయిడ్ల పరీక్షలో పట్టుబడిరి. విదేశీయుడైన శిక్షకుడు తెచ్చి యిచ్చిన జిన్సెంగు అను మూలికా గుళికలలో కల్తీ యుండెననియు, తమకు తెలియదనియు వారు వాదించిరి. శిక్షకుని తొలగించిరి. వారు తెలిసి చేయలేదని భారతదేశపు విచారణసంఘము కొంతవరకు అంగీకరించి, ఒక్క సంవత్సరపు నిషేధముతో సరిపెట్టెను. 2012 జూలైలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానము దానిని రెండు సంవత్సరములకు పెంచెను. లండను ఒలింపిక్సు వారికి దాటిపోయెను. నియమము కఠినము: దేహములో దొరికినదానికి క్రీడాకారుడే బాధ్యుడు, ఎవరిచ్చిరి, ఏ నమ్మకముతో మ్రింగితివి అనునవి శిక్షను తగ్గింపవచ్చును గాని దోషమును తుడువవు. ఈ నియమము అన్యాయమని వాదించుటకు నేను సిద్ధము. కాని పిల్లవాడు పరుగెత్తవలసినది ఉన్న నియమము క్రిందనే కదా!

కల్తీ అరుదని తలపకుడు. 2004లో ప్రకటింపబడిన ఒక జర్మను పరిశీలనలో 13 దేశములలో కొన్న 634 బలపదార్థములను పరీక్షింపగా 94 ఇంటిలో సీసాపై చెప్పని హార్మోను పదార్థములు దొరికెను. 2008లో అమెరికా వైద్యులు అంతర్జాలము ద్వారా కొన్న 193 ఆయుర్వేద మందులను పరీక్షింపగా సుమారు అయిదింట నొకదానిలో సీసము, పాదరసము, లేక పాషాణము కనబడెను. ఇందుకు మన శాస్త్రమును నిందింపను. అంగడిని నిందించెదను.

కల్తీ లేకున్నను చిక్కు తప్పదు. సోమలత యను పేర అమ్ముదురే, అది ఎఫెడ్రా. ఆ జాతి పొదలు ఒమాను కొండలలో సైతము కలవు. దానిలోని ఎఫెడ్రిన్ మూత్రమున మిల్లీలీటరునకు 10 మైక్రోగ్రాములు దాటినచో పోటీలో నేరము. నేరమటుంచి, అది ఎండలో ప్రాణాంతకము: 2003 ఫిబ్రవరిలో స్టీవ్ బెక్లరు అను 23 ఏండ్ల అమెరికా బేసుబాలు ఆటగాడు ఫ్లోరిడాలో సాధనచేయుచు వడదెబ్బతో మరణించెను, అతడు ఎఫెడ్రా గుళికలు వాడుచుండెను. మరుసటి సంవత్సరము ఆ దేశము వానిని నిషేధించెను. ఫ్లోరిడా ఫిబ్రవరిలోనే అట్లయినచో మస్కటు మే మాసములో ఏమగునో చెప్పనేల? పొరుగున యెమెనులో నమలు ఖాత్ ఆకులోను కెథిన్ అను నిషిద్ధ పదార్థము కలదు.

మలేసియాలోని మన వారికి ప్రత్యేకముగా చెప్పవలసినది ఒకటి. మన తోటలలో జ్వరమునకు, చక్కెరవ్యాధికి చేదుతీగ నొకదానిని మరిగించి త్రాగెడివారు; మలాయివారు దానిని ‘పటావలి’ యందురు. మన పెద్దలు దానినే తిప్పతీగ యని నమ్మిరి. అది తిప్పతీగ కాదు, తిప్పతీగకు చెల్లెలు. దానిలో హైజెనమిన్ అను పదార్థమున్నది. 2017నుండి ప్రపంచ మాదకనిరోధ సంస్థ దానిని పేరుపెట్టి, పోటీలోనే గాక అన్ని కాలములందును నిషేధించినది. అమ్మమ్మ మరిగించి ఇచ్చిన కషాయము మనుమరాలి పతకమును తీసివేయగలదని ఏ అమ్మమ్మ ఊహించును? అసలు తిప్పతీగయు నిరపాయకరము కాదు. 2021లో ముంబయి వైద్యులు దానిని వాడిన ఆరుగురి కాలేయవ్యాధిని గూర్చి వ్రాసిరి.

నేను ఇప్పుడు అనుసరించు పద్ధతి యిది. యోగము అందరికిని. మూలిక వంటింటివరకే: పసుపు, శొంఠి, మిరియము, ఉసిరి, ఆహారములో ఎంత పడునో అంత. సారములు, గుళికలు, లేహ్యములు, పేరు తెలియని పొడులు పోటీకి పోవు పిల్లలకు వద్దు. వైద్యుడు వ్రాసియిచ్చినచో ప్రతి పేరును శాస్త్రీయ నామముతో సహా ఆ సంవత్సరపు పట్టికతో పోల్చి చూతుము. ప్రతి జనవరి 1న క్రొత్త పట్టిక అమలులోనికి వచ్చును. పిల్లవాడు అలసిపోవుచున్నాడని చెప్పినచో మొదట నిద్ర యెంత, తిండి యెంత, రక్తము తక్కువగా నున్నదా యని అడుగుదుము. ఆనాడు నేను అడుగవలసిన ప్రశ్నలు ఇవియే. ఆ పిల్లవాని రక్తమును తరువాత పరీక్ష చేయించిరి. ఇనుము తక్కువగా నుండెను. త్వరగా అలసిపోవుటకు అదియే కారణమని వైద్యులనిరి.

అతడు మరుసటి సంవత్సరము పరుగెత్తెను. మూడవవాడుగా వచ్చెను. ఇప్పుడు ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చినప్పుడు మైదానమునకు వచ్చి చిన్నపిల్లలచేత సూర్యనమస్కారములు చేయించును. ఆ సీసా నా బల్ల సొరుగులో నున్నది. క్రొత్తగా చేరిన ప్రతి పిల్లవాని చేతికిచ్చి, ఏడవ పేరును బిగ్గరగా చదివింతును.